నీరు అమానతు – సాక్ష్యమూ అమానతే

సకల స్తోత్రాలకు అర్హుడు అల్లాహ్ ఒక్కడే. ఆయనే మేఘాలను నడిపేవాడు, ఎండిన నేలకు తిరిగి ప్రాణం పోసేవాడు. అంతిమ దైవప్రవక్త హజ్రత్ ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పైనా, వారి కుటుంబీకులపైనా, సహచరులందరిపైనా అల్లాహ్ శాంతి శుభాలు వర్షించుగాక!

ప్రియమైన ధార్మిక సోదరులారా! ముందుగా మమ్మల్ని మేము, ఆ తరువాత మిమ్మల్ని, అల్లాహ్ పట్ల భయభక్తులు కలిగి ఉండవలసిందిగా హెచ్చరించుకుంటున్నాము. ఒంటరిగా ఉన్నా, నలుగురిలో ఉన్నా, కలెక్టరు గారి ఎదుట మైకు పట్టుకొని నిలబడినా మన మాట వింటున్నవాడు అల్లాహ్ అని మరచిపోకుందాము.

నేటి ప్రసంగాంశం నీరు. ప్రాణమున్న ప్రతి దానినీ తాను నీటి నుండి ఉనికిలోకి తెచ్చానని అల్లాహ్ అన్బియా సూరా 30వ ఆయత్‌లో తెలియజేశాడు. ఈ మాటను మనం ఎన్నోసార్లు విన్నాము. అయితే ఈ శుక్రవారం దానిని మన ఊరి వంక గట్టుపై నిలబడి మరొకసారి వినవలసి ఉన్నది.

మన ఊరికి పైన సున్నపురాయి గని ఉన్న సంగతి మీకు తెలుసు. గొయ్యి లోతు పెరిగేకొద్దీ భూమిలోని ఊట నీరు, వాన నీరు అందులో చేరతాయి. ఆ నీటిని మోటార్లతో తోడి బయటికి వదలక తప్పదు. అలా వదిలిన నీరు తేరిన తరువాత వంకలోకి రావాలి. కానీ తేరకుండానే తెల్లగా, పాల విరుగుడు వలె వస్తున్నదని, వంక అడుగున మడ్డి పేరుకొంటున్నదని, గట్టు వెంబడి బావులలో ఊటలు మందగించాయని చాలాకాలంగా ఫిర్యాదు ఉన్నది. ఇప్పుడు ఆ గని విస్తరణపై ప్రజాభిప్రాయ సేకరణ జరుగనున్నది. ఆ రోజు ఏమి చెప్పాలి, అసలు చెప్పాలా వద్దా అని జమాఅత్‌లో రెండు మాటలు వినిపిస్తున్నాయి. కొందరి చేలు వంక గట్టున ఉన్నాయి. కొందరి అన్నం గని గేటు లోపల ఉన్నది. ఇద్దరూ ఒకే సఫ్‌లో భుజం భుజం కలిపి నిలబడుతున్నారు. అందువల్లనే ఈ విషయాన్ని మింబర్‌పైకి తీసుకురావలసి వచ్చినది.

సోదరులారా! కొద్ది వారాల క్రితం ఒక వృద్ధుడు ఇషా నమాజు తరువాత మమ్మల్ని ఒక మసలా అడిగాడు. ‘చేనికాడ ఆ తెల్లనీళ్లతో వుజూ చేసుకుంటే నమాజు అవుతుందా సాబ్?’ అన్నాడు. మేము ఫిఖ్హ్ గ్రంథాలలో చదువుకొన్నదే చెప్పాము. హనఫీ పండితుల దృష్టిలో, మట్టి వంటి పరిశుద్ధమైన వస్తువు కలిసి నీరు మడ్డిబారినా, అది నీటివలె పలుచగా పారుతున్నంతవరకు దానితో వుజూ చెల్లుతుంది. రాతిపొడి కూడా నేలలోనిదే. కనుక నమాజు అవుతుందని చెప్పాము. ఆ వృద్ధుడు సంతోషించి వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగి, ‘అయితే తాగచ్చు కదా?’ అని అడిగాడు. ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు.

ఈ రెండు ప్రశ్నల మధ్య ఉన్న దూరాన్ని మనం గ్రహించాలి. మన ధర్మశాస్త్రం నీటికి మూడు గుణాలు చెప్పింది: రంగు, రుచి, వాసన. పల్లెలో ఉన్నవాడైనా, ఎడారిలో ఉన్నవాడైనా తన కన్నుతో, నాలుకతో, ముక్కుతో నీటిని పరీక్షించుకోవడానికి అల్లాహ్ దయతో ఇచ్చిన సులభమైన కొలమానమిది. అది పాక్, నాపాక్ విషయంలో నిర్ణయానికి సరిపోతుంది. ఆరోగ్యానికి హాని చేసేవన్నీ ఈ మూడింటికి అందవు. గనిలో పేలుళ్లకు వాడే మందుగుండులో అమ్మోనియం నైట్రేట్ ఉంటుంది. దాని శేషం నీటిలో కరిగితే రంగు మారదు, వాసన రాదు. తాగునీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటరాదని మన దేశ ప్రమాణం. అది మించితే పసిబిడ్డల రక్తానికి ప్రాణవాయువును మోసే శక్తి తగ్గే ప్రమాదమున్నది. అంటే తెల్లగా ఉన్న నీరంతా విషం కాదు, తేటగా ఉన్న నీరంతా క్షేమమూ కాదు. కంటితో చూసి భయపడటం, కంటితో చూసి ధైర్యపడటం, రెండూ తొందరపాటే.

మన నేలకు మరొక ప్రత్యేకత ఉన్నది. మనం సున్నపురాతి మీద కాపురమున్నాము. కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహలను మీలో చాలామంది పిల్లలతో వెళ్లి చూసి ఉంటారు. 3,229 మీటర్ల పొడవైన ఆ గుహలను తొలిచినది ఏ యంత్రమూ కాదు, నీరే. సున్నపురాతిని నీరు లక్షల ఏళ్లు కరిగించుకొంటూ దారులు చేసుకొన్నది. అటువంటి దారులు, పగుళ్లు చిన్నవీ పెద్దవీ ఈ నేల అడుగున ఎన్నో ఉన్నాయి. ఇసుక నేలలో నీరు మెల్లగా వడగట్టుకొని దిగుతుంది. ఇక్కడ పగులు దొరికితే కాలువలో పారినట్లు పారిపోతుంది. పైన ఒకచోట వదిలినది దూరంగా మరొకరి బావిలో తేలవచ్చు. ‘నా పొలంలో నేను వదులుకొన్నాను, నీకేమి?’ అనే మాట ఎక్కడా న్యాయం కాదు. సున్నపురాతి నేలమీద అది అసలు నిజమే కాదు.

ఎగువవాడికీ దిగువవాడికీ మధ్య నీటి తగవు కొత్తది కాదు. మదీనాలో హర్రా ప్రాంతపు కాలువల విషయంలో హజ్రత్ జుబైర్ (రజి)కీ, ఒక అన్సారీ సహచరునికీ వివాదం వచ్చినది. జుబైర్ (రజి) తోట ఎగువన ఉన్నది. ముందుగా తన తోట తడుపుకొని, ఆ తరువాత నీటిని పొరుగువాని వైపు వదలవలసిందిగా దైవప్రవక్త (సఅసం) ఆయనకు సూచించారని బుఖారీ గ్రంథంలో ఉన్నది. పండితులు దీని నుండి ఒక నియమం గ్రహించారు: ఎగువవానికి మొదటి హక్కు ఉన్నది, కానీ పూర్తి హక్కు లేదు. నీరు అతని చేతిలో ఆగేది కాదు, అతని చేతి గుండా వెళ్లేది. వెళ్లేది వాడుకొనేందుకు పనికివచ్చేదై ఉండాలని వేరే చెప్పనక్కరలేదు. పొరుగువానికి మడ్డి వదిలి, నీరు వదిలానని ఎవరూ అనలేరు.

మన సంగతీ ఇంతే. మన వంక కుందూలో కలుస్తుంది, కుందూ పెన్నలో కలుస్తుంది. గనికి మనం దిగువవాళ్లం. మన దిగువన ఎన్నో ఊళ్లవారికి మనమే ఎగువవాళ్లం. ఈ మాటను గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరకు వద్దాము.

విశ్వాసులారా! దివ్య ఖుర్ఆన్‌లో సమూద్ జాతి గాథ పలుచోట్ల వస్తుంది. వారు రాతిని తొలిచేవారు. కొండలను చెక్కి ఇళ్లు కట్టుకొన్న నేర్పరులని అల్లాహ్ వారిని గురించి షుఅరా సూరాలో ప్రస్తావించాడు. రాతి పనిని అల్లాహ్ తప్పుపట్టలేదు. ఆ నైపుణ్యం ఆయన అనుగ్రహమే. వారిని పరీక్షించినది నీటి విషయంలో. హజ్రత్ సాలిహ్ (అలై) వారి ముందు ఒక ఒంటెను నిలిపి, ఒకరోజు నీరు దానిది, ఒకరోజు మీది అని వంతు నిర్ణయించారు. నోరులేని జీవికి దాని వంతు దానికి వదలగలరా అన్నదే పరీక్ష. వారు వదలలేకపోయారు. ఒంటె గుదికాలి నరాలు కోసి దానిని చంపారు.

ఇక్కడ మదరసాలో మా ఉస్తాద్ గారు ఒక విషయం చూపించేవారు. షమ్స్ సూరాలో ఆ పనికి లేచినవాడు ఒక్కడు, వారిలో పరమ దౌర్భాగ్యుడు. కానీ రెండు ఆయత్‌ల తరువాత, దానిని ‘వారు’ చంపారని బహువచనం వస్తుంది. శిక్ష కూడా అందరినీ చుట్టుముట్టినది. కత్తి పట్టినది ఒక్క చెయ్యి. మిగిలినవారు ఏమి చేశారు? సమ్మతించారు, చూస్తూ ఊరకున్నారు. ఆ ఊరకుండటాన్నే అల్లాహ్ వారి లెక్కలో వ్రాశాడు.

ఈ పాఠాన్ని మేము ఎన్నోసార్లు బోధించాము. బోధించడం వేరు, దానికి లోబడటం వేరు. మీ ఎదుట ఒక విషయం ఒప్పుకోవలసి ఉన్నది. రెండు సంవత్సరాల క్రితం మన వుజూఖానాకు బోరు మోటారు, నీళ్ల ట్యాంకు గని వారి తరఫున వచ్చాయి. మనం కృతజ్ఞతతో స్వీకరించాము. కృతజ్ఞత తప్పు కాదు. ఆ తరువాత ఈ రెండేళ్లలో వంక సంగతి ఎన్నోసార్లు మా చెవిన పడినా, ఈ మింబర్‌పై మేము ఒక్కసారి కూడా దానిని ప్రస్తావించలేదు. నోరు మెదపవద్దని గని వారు మమ్మల్ని అడగలేదు, అధికారులు అడగలేదు, మస్జిద్ కమిటీ అడగలేదు. మేమే మూసుకొన్నాము. ఆ వృద్ధుడు గుమ్మం దగ్గర ఆగి అడిగిన రోజున, ఆ కానుకకు మనం చెల్లిస్తున్న వెల ఏమిటో మాకు అర్థమైనది. అల్లాహ్ మమ్మల్ని క్షమించుగాక!

కనుక ఇప్పుడు అసలు మాటకు వద్దాము. నీరు మన దగ్గర అల్లాహ్ ఉంచిన అమానతు. ఆ నీటిని గురించి మనకు తెలిసిన నిజం కూడా అమానతే. సాక్ష్యాన్ని దాచవద్దని, దాచినవాని హృదయం పాపంతో నిండినదని బఖరా సూరా 283వ ఆయత్ హెచ్చరిస్తున్నది. సాక్ష్యం మనకు, మన తల్లిదండ్రులకు, బంధువులకు వ్యతిరేకంగా పోయినా న్యాయంపైనే స్థిరంగా నిలబడమని నిసా సూరా 135వ ఆయత్ ఆదేశిస్తున్నది. మాఇదా సూరా 8వ ఆయత్ మరొకవైపు నుండి మనల్ని పట్టుకొంటుంది: ఒక వర్గంపై ఉన్న కోపం మిమ్మల్ని అన్యాయం వైపు నడిపించకూడదని.

ఈ మూడు ఆయత్‌లను కలిపి చూడండి. భయం వల్ల తగ్గించి చెప్పరాదు. బంధం వల్ల మరుగుపరచరాదు. కోపం వల్ల పెంచి చెప్పరాదు. చూసినదానిని చూసినంత చెప్పాలి.

గనిలో పనిచేసే సోదరులారా! మీ సంపాదన హలాల్. రాయి తీయడం, టిప్పరు నడపడం, లెక్కలు వ్రాయడం తప్పు పనులు కావు. మీపై వేలెత్తి చూపే హక్కు ఎవరికీ లేదు. అయితే నీళ్లు తేర్చే గుంతలు ఎప్పుడు నిండుతున్నాయో, ఎప్పుడు పూడిక తీయకుండా వదిలేస్తున్నారో, రాత్రివేళ మోటారు ఎటు తిరుగుతున్నదో అందరికంటే మీకే తెలుసు. బహిరంగంగా చెప్పలేని స్థితి మీకు ఉంటే అల్లాహ్ మీ ఇబ్బందిని ఎరుగును. అయినా మీ పై అధికారికి ఒక్కమాటగానైనా చెప్పండి. చెడును చేతితో, అది చేతకాకపోతే నాలుకతో, అదీ చేతకాకపోతే హృదయంతోనైనా నిరాకరించాలని దైవప్రవక్త (సఅసం) మూడు మెట్లు చూపారు. ఎవరి మెట్టు వారు ఎంచుకోండి. కానీ మెట్లు దిగి వెళ్లిపోకండి.

వంక గట్టున చేలున్న సోదరులారా! మీ నష్టం నిజం. అందుకే మీ మాటలో ఒక్క అబద్ధం కూడా కలవకూడదు. బావి ఎండినది వాన లేకపోవడం వల్ల అయితే దానిని గని ఖాతాలో వేయవద్దు. నైట్రేటు ఎక్కువగా ఉన్నదని పరీక్షలో తేలితే, అది మందుగుండు వల్లనే అని ముందుగానే తీర్పు చెప్పవద్దు. మనం చేనికి గుమ్మరించే యూరియా నుండి, మన మరుగుదొడ్ల గుంతల నుండి కూడా అది వస్తుంది. ఒక్క అబద్ధం పట్టుబడితే తొమ్మిది నిజాలు దానితో పాటు కొట్టుకుపోతాయి. దిగువవాడు చెప్పిన అబద్ధం ఎగువవాడికి ఆయుధమవుతుంది.

మరి ఆచరణలో ఏమి చేయాలి? మాకు తెలిసినంతవరకు చెబుతాము.

ప్రజాభిప్రాయ సేకరణ అనేది గని వారు ఇచ్చే అవకాశం కాదు, 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ మనకు ఇచ్చిన హక్కు. దానిని నిర్వహించేది రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి. కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి. సభను వీడియో తీయాలి. ఇంతమంది ఉంటేనే సభ అనే నియమం లేదు. పదిమంది వచ్చినా ఆ పదిమంది మాటే నమోదవుతుంది. సభ చివర నమోదు చేసినదాన్ని మన భాషలో చదివి వినిపించాలి. అది విననిదే లేచి రావద్దు. మనం చెప్పినది ఒకటి, వ్రాసినది మరొకటి అయితే అక్కడే చెప్పాలి. నిలబడి మాట్లాడలేనివారు వ్రాసి ఇవ్వవచ్చు. తెలుగు వ్రాయడం రానివారికి మస్జిద్‌లో అస్ర్ నమాజు తరువాత మేము వ్రాసిపెడతాము. వారు చెప్పినదే వ్రాస్తాము, మా మాట కలపము.

సాక్ష్యానికి తేదీ కావాలి. ‘ఎప్పుడూ తెల్లగానే వస్తున్నది’ అన్న మాట గాలిలో కలిసిపోతుంది. ఫలానా రోజు, ఫలానా వేళ, వంకలో ఫలానా చోట ఇలా ఉన్నదని వ్రాసి పెట్టుకొన్న మాట నిలుస్తుంది. వంకలోకి వదిలే నీటిలో తేలియాడే పదార్థం లీటరుకు 100 మిల్లీగ్రాములు మించరాదని సాధారణ ప్రమాణం ఉన్నది. అది మించినదో లేదో మన కన్ను తేల్చలేదు. 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం ప్రకారం మండలి అధికారి వచ్చి, గని వారికి తెలియజేసి, నమూనా తీసి, సీసాకు ముద్ర వేసి పరీక్షకు పంపాలి. మనం సీసాలో పట్టుకొనివెళ్లినది ఆ చట్టం కింద ఋజువుగా నిలవదు. కనుక మనం అడగవలసినది ఇది: వచ్చి తీయండి, వాన పడిన మరునాడు కూడా తీయండి, ఫలితం మాకు ఇవ్వండి. అడిగినది కాగితంపై అడగాలి, అందినట్లు ముద్ర తీసుకోవాలి. బావుల నీటిని మాత్రం ఫలితం కోసం వేచి ఉండకుండా మనమే పరీక్ష చేయించుకోవాలి. పసిబిడ్డలున్న ఇళ్లవారు ముందుగా రండి.

గని పూర్తిగా మూతపడాలని ఈ మింబర్ కోరడం లేదు. గుంతలు తగినన్ని తవ్వి, పూడిక తీస్తూ, నీటిని తేర్చి వదలడం అసాధ్యమైన పని కాదు. హాని చేయరాదు, హానికి ప్రతిగా హాని చేయరాదు అన్నది దైవప్రవక్త (సఅసం) బోధించిన సూత్రం. మొదటి సగం గని వారికి, రెండవ సగం మనకు. పైపులు నరకడం, టిప్పర్లపై రాళ్లు వేయడం మన మార్గం కాదు.

సోదరులారా! ఇందాక గుర్తుంచుకోమన్న మాట దగ్గరకు తిరిగి వద్దాము. మన దిగువన కూడా ఊళ్లున్నాయి. నీళ్ల రేవులలో, బాటలలో, నీడ పట్టున మలవిసర్జన చేసేవారిని గురించి దైవప్రవక్త (సఅసం) శాపం మాట చెప్పి మరీ హెచ్చరించారు. మన ఊరి మురుగు ఎక్కడికి పోతున్నది? బక్రీద్ నాటి ఖుర్బానీ వ్యర్థాలు, పెళ్లి భోజనాల ప్లాస్టిక్ ఆకులు ఏ వంకలో తేలుతున్నాయి? గని వారిని ప్రశ్నించేందుకు లేచిన వేలు మన కాలువ వైపు కూడా తిరగాలి. దైవప్రవక్త (సఅసం) ఒక ముద్ద్ నీటితో, అనగా దాదాపు ఒక దోసిలి పట్టే కొలతతో, వుజూ పూర్తి చేసేవారు. మన వుజూఖానాలో కుళాయి ఎలా పారుతున్నదో మనందరికీ తెలుసు. వచ్చే శుక్రవారానికి ఆ కుళాయిలను సరిచేయించి, మోటారుకు, ట్యాంకుకు అయిన ఖర్చును జమాఅత్ చందాతో కొద్దికొద్దిగా గని వారికి మర్యాదగా తిరిగి చెల్లించాలని కమిటీకి మేము మనవి చేశాము. మా నెల జీతం నుండి మొదటి వాటా ఇచ్చాము. ఇది వారిపై కోపంతో కాదు, మా నాలుక మళ్లీ మాది కావాలని.

చివరిగా, ఓడ ఉపమానం మీరెరుగుదురు. కింది అంతస్తులోనివారు నీటి కోసం పైకి ఎక్కి దిగుతూ విసిగి, మా భాగంలో మేము రంధ్రం చేసుకొంటామన్నారు. వారిని వదిలేస్తే అందరూ మునుగుతారు, చేయి పట్టుకొని ఆపితే అందరూ బతుకుతారు అని దైవప్రవక్త (సఅసం) వివరించారు. చేయి పట్టుకొని ఆపడమంటే చేయి నరకడం కాదు. వారూ మన ఓడలోనివారే.

యా అల్లాహ్! మా వంకలను, బావులను, చెరువులను కాపాడు. మా పసిబిడ్డలు తాగే ప్రతి గుక్కలో ఆరోగ్యం ఉంచు. గనిలో దిగే మా సోదరులను ప్రమాదాల నుండి రక్షించి, వారి సంపాదనలో శుభం ప్రసాదించు. అధికారులకు న్యాయబుద్ధిని, యాజమాన్యానికి పొరుగువారి పట్ల భయభక్తులను ప్రసాదించు. చూసినదానిని చూసినంత చెప్పే ధైర్యాన్ని మాకు ఇవ్వు. భయంతో దాచినదానికి, కోపంతో పెంచినదానికి మమ్మల్ని క్షమించు. సకాలంలో వానలు కురిపించు, ఆ నీటికి మమ్మల్ని తగిన కాపలాదారులుగా చెయ్యి.

ఆమీన్, యా రబ్బల్ ఆలమీన్!